ఆకు పచ్చగా దిగాలన్నాడు

"నాయనమ్మా, పొద్దున అన్న యూరియా చల్లితే చేను పచ్చబడుద్ది అన్నాడు గదా. నువ్వేమో 'ఏ పచ్చరా?' అని అడిగావు. వాడు బిక్కమొహం వేశాడు. ఏంది ఆ మాట?"

ఆ టేపు డబ్బా తిరుగుతుందా? తిరుగుతుందంటే సరే. దగ్గ‌రికి జరుపు, నా గొంతు ఇప్పుడు అంత దూరం పోదు. ఇయ్యాల ఆకూ వక్కా కూడా నమలనియ్యలేదు మీ అమ్మ, నోరు ఎండిపోతా ఉంది.

ఏ పచ్చ అని ఎందుకు అడిగానంటే, అదొక పెద్ద కత తల్లీ. ఆ మాట మా ఇంట్లో మీ తాతను ఏడిపించటానికి అనేవాళ్ళం. ఆయన ఎప్పుడన్నా కూర పచ్చగా ఉందంటే చాలు, మా అత్త పొయ్యి దగ్గర నుంచి "ఏ పచ్చరా?" అనేది. ఆయన కంచం ముందు నుంచి లేవలేడు, కోపం తెచ్చుకోనూ లేడు. అట్టా పడ్డ మాట అది. నవ్వుకి అనుకునేవు, నవ్వుకి మొదలవ్వలా.

నా పెళ్ళి యుద్ధం రోజుల్లో అయింది. కిరసనాయిలు చీటీలకిచ్చేవాళ్ళు, కోరాగుడ్డ కోసం నరసరావుపేటలో వరసలో నిలబడాలి. నా పెళ్ళిచీరె కూడా మా పెద్దమ్మ చీరే, అంచు మార్చి కుట్టారు. ఆఁ, అదెందుకులే ఇప్పుడు. ఏందంటే, మా అయ్య మందలోడు. వినుకొండ అవతల కొండల కింద మా ఊరు. గొర్రెలు తప్ప ఇంకేం లేవు. మీ తాతోళ్ళు కూడా మందలోళ్ళే, అది నీకు తెల్సుగా. కాకపోతే మా మామ ఉన్నప్పుడే మంద మొత్తం అమ్మి ఇక్కడ భూమి కొన్నాడు. అందుకని మా అత్తకు కొంచెం గీర. మా అయ్య వస్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది, గొర్రె కంపంట. తను పుట్టింది ఎక్కడో మరి.

ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఒక చెక్క భూమో, ఒక పాడి గేదో ఇస్తారు గదా. మా అయ్యకు ఏముంది ఇయ్యటానికి? పెళ్ళిపందిట్లోనే నలుగురిలో చెప్పాడు: "ఏటేటా నా మంద ముందు నా కూతురి చేలో కడతా, తరవాతే ఎవురికన్నా. అదే నా పిల్లకు నేనిచ్చే పసుపు కుంకుమ" అన్నాడు. మంద కట్టటం అంటే నువ్వు చూళ్ళేదు కాబోలు. కోతలయ్యాక చేలోకి మందను తోలి, రాత్రిళ్ళు అక్కడే పడుకోబెడతారు. పెంటా, ఉచ్చా అంతా చేలోనే పడుద్ది. రోజుకో చోటుకి జరుపుతా పోతారు. ఆ చేలో ఏం వేసినా ఇరగపండుద్ది. ఒక రాత్రి మంద కడితే కుంచాలకి కుంచాలు జొన్నలు కొలిచేవాళ్ళు అప్పట్లో. మా అయ్య కోసం ఊళ్ళో పెద్ద పెద్ద రైతులు కబురు పెట్టేవాళ్ళు. ఆయన మాత్రం ఎండాకాలం మేతకి పోయిన కృష్ణ ఒడ్డు నుంచి తిరిగొచ్చేటప్పుడు, వానలకు ముందు, మా చేలో దిగేవాడు. మా అత్త ముక్కు మూసుకునేది గానీ వద్దని మాత్రం అన్లేదు, జొన్న పండుతుంది గదా.

మరి పొగాకు. అంతకుముందు మాకు నాటు పొగాకు తెలుసు. చుట్టలకి పనికొచ్చేది. దానికి ఎంత మంద కడితే అంత మంచిది, ఆకు నల్లగా, మందంగా, ఘాటుగా వచ్చుద్ది. ఈ వర్జీనియా అనేది వేరే. దాన్ని ఎండలో ఆరేయరు. బ్యారన్ అని ఎత్తుగా గోడలు కట్టి, లోపల రేకు గొట్టాలు పెట్టి, బయట పొయ్యి వేసి ఆ వేడి మీద కాలుస్తారు. కాలుస్తారంటే కాల్చరులే, ఆకుని వేడికి ఆరబెడతారు. మా ఊళ్ళో ఒక పెద్ద రైతుకే ఉండేది బ్యారన్. మిగతావాళ్ళం వంతులేసుకుని అద్దెకి పెట్టుకునేవాళ్ళం.

తెల్లోళ్ళు ఇంకా పోలా, పోబోతున్నారు అనుకునే రోజులు. మీ తాతకు ఈ వర్జీనియా పిచ్చి పట్టింది. నాటాకుకి వచ్చేదానికి ఇది ఎన్నో రెట్లంట. పెద్ద రైతు అరుగు మీద కొనుగోలు వాళ్ళ గుమాస్తా ఒకాయన వచ్చి కూర్చుంటే అందరూ పోయారు. ఎటు పక్కోడో ఏమో, ఆయన మాట కొంచెం తేడాగా ఉండేది. ఆయన చెప్పిందంతా విని, వచ్చి మా అత్తతో చెప్పాడు మీ తాత: "ఏం లేదమ్మా, ఆకు పచ్చగా దిగాలంట. ఎంత పచ్చగా దిగితే అంత రేటంట." అంతే విన్నాడు. నువ్వు ఇప్పుడు నవ్వుతున్నావు గానీ, ఆ రోజు వింటే నువ్వైనా అంతే అనుకునేదానివి. పచ్చంటే ఏంది మనకి? పైరు పచ్చ. వరి పచ్చగా ఉందంటే, మిరప పచ్చగా ఉందంటే ఏందర్థం? ఇంకా బాగుంటే నల్లగా ఉందంటాం. చేను నల్లబడిందంటే ఆ రైతు మీసం మీద చెయ్యేసుకోవచ్చు. ఆ గుమాస్తా చెప్పిందేమో పసుపుపచ్చ. బ్యారన్లో నుంచి ఆకు పసుపు కొమ్ము రంగులో దిగాలని. మీ తాతకు చెవిలో పడింది ఆకుపచ్చ.

ఇక చూడు. మా అయ్య మంద కట్టిన నల్లరేగడి చెక్క, అందులోనే వేశాడు. అది చాలదన్నట్టు యుద్ధం అయినాక కొత్తగా తెల్ల ఎరువు దొరకటం మొదలైంది, పంచదారలాగా ఉంటది, అమోనియా అనేవాళ్ళు. నరసరావుపేట నుంచి బండి మీద తెచ్చి మొక్క మొక్కకీ పెట్టాడు. నేనే తట్ట పట్టుకుని వెనకాల నడిచా. చెయ్యి మంట పుట్టేది.

అబ్బో, ఏం ఎదిగిందే ఆ చేను. ఒక్కో ఆకు నా చేతికంటే పొడుగు. మొక్కల్లో నిలబడితే మీ తాత భుజాల దాకా కనపడేవాడు కాదు. బాట మీద పోయే బండ్లు ఆపి చూసేవాళ్ళు. "ఏందిరా నాయనా, ఇంత నల్లగా ఉంది" అనేవాళ్ళు. మా అత్త చేలో దిష్టిబొమ్మ పెట్టించింది. చాలక ఆదివారం ఆదివారం పోయి ఉప్పూ మిరపకాయలూ తిప్పి వచ్చేది. మా అయ్య ఒకరోజు చూడటానికి వచ్చాడు. గట్టు మీద నిలబడి ఒక ఆకు పట్టుకుని, పిల్లోడి చెంప నిమిరినట్టు నిమిరాడు.  నా వైపు చూసి తల ఊపాడు, అంతే. ఆ ఏడు మా అత్త ఆయనకి చెంబుతో మజ్జిగ తనే తెచ్చి ఇచ్చింది, కొంగు అడ్డం లేకుండా.

మా పక్క చేను మంగమ్మ పిన్నిది. మొగుడు పోయినామె, మనిషి సాయం లేదు. ఆమెకి మంద కట్టేవాళ్ళు లేరు, తెల్ల ఎరువు కొనే దారి లేదు. గరువు నేల, తేలిక నేల. మొక్కలు మోకాళ్ళ మీదికి వచ్చి ఆగిపోయినయ్యి. ఆకులు చిన్నయి, పాలిపోయి, కామెర్లు వచ్చినోడి కళ్ళు ఉంటయ్ చూడు, అట్టా. మా అత్త జాలిపడి "పాపం మంగమ్మ చేను చూస్తే కడుపు తరుక్కుపోతంది" అనేది.

కోతలొచ్చినయ్యి. మంగమ్మ పిన్ని ఆకు కింద నుంచి పైకి పండుతా వచ్చింది, కోసుకుంది. మాది పండితేగా. ఇయ్యాల పండుద్ది, రేపు పండుద్ది అని చూట్టం, అది ఇంకా కొత్త ఆకు వేస్తా ఉండటం. మా బ్యారన్ వంతు దాటిపోతదని మీ తాత కంగారుపడి కోయించాడు. కర్రలకి ఆకు కట్టటానికి ఆడోళ్ళం అందరం కూర్చున్నాం, చేతులు బంకబంక. బ్యారన్లో ఎక్కించారు. పొయ్యి దగ్గర ఉండే సాయిబు గాజు కిటికీలో నుంచి చూసి చూసి, "అన్నా, ఇది రంగు తిరగటంలా" అన్నాడు. ముందు సన్న సెగ మీద ఆకు పసుపు తిరగాలి, అప్పుడు వేడి పెంచాలి. ఇది తిరగదు. ఇంకా ఆగితే కుళ్ళే వాసన. వేడి పెంచితే ఆ పచ్చ పచ్చ‌గానే ఆరిపోద్ది. మీ తాత అంటాడు, "పచ్చగానే గదా దిగాల్సింది, పెంచు" అని. సాయిబు ఆయన మొహం వంక చూశాడంట, వేళాకోళం ఆడుతున్నాడేమో అనుకున్నాడంట.

తలుపు తీసినాక నేను లోపలికి పోయా. ఎట్టా చెప్పాలి నీకు? కొంత ఆకు పచ్చి మచ్చలు మచ్చలుగా ఉంది, కొంత బెల్లం మడ్డిలాగా నల్లగా ఉంది. తర్వాత గ్రేడింగు. గ్రేడింగంటే ఆకు ఆకూ చూసి రంగుని బట్టి వేరే వేరే కుప్పలు పొయ్యటం. మంగమ్మ పిన్ని కుప్పలు అన్నీ పసుపుకొమ్ముల్లాగా మెరుస్తా ఉన్నయ్యి. నేను పోస్తా ఉంటే అంతా చివరి కుప్పలోకే పోతంది. పక్కన ఆడోళ్ళు నా వంక చూట్టం మానేశారు. ఎగతాళి చేసినా బాగుండేది.

కొనేచోటుకి మీ తాత పోతే ఆ గుమాస్తానే ఉన్నాడంట. ఆకు గుప్పిట్లో నలిపి, వాసన చూసి, "ఏమయ్యా, ఎంత మేపావు దీన్ని?" అన్నాడంట. పచ్చగా ఉండాలన్నారు గదండీ అన్నాడు ఈయన. అక్కడున్నోళ్ళంతా నవ్వారు. అప్పుడు ఆయనే కూర్చోబెట్టి చెప్పాడంట, పాపం మంచోడే. ఈ ఆకుకి మొదట్లో కొంచెం తిండి ఉండాలి, పండే వేళకి నేలలో సత్తువ అయిపోవాలి, అప్పుడే రంగు వచ్చుద్ది అని. చివరిదాకా మేస్తా ఉంటే ఆకు పెద్దదవుద్ది, మందమవుద్ది, పండదు. కాలిస్తే నల్లబడుద్ది. పొగ తాగితే గొంతు కొరుక్కుపోద్ది. అందుకని పెద్ద ఆకు కంటే మంగమ్మ పిన్ని చిన్న ఆకుకే రేటు.

ఆకు బరువు మాదే ఎక్కువ. డబ్బు ఆమెకి ఎక్కువ. అదీ సంగతి. బ్యారన్ అద్దె, పొయ్యిలోకి పుల్లలు, కూలోళ్ళు, అన్నీ పోను మాకు చేతిలో ఏం మిగల్లా. కాడెద్దుల్లో ఎర్రదాన్ని అమ్మారు. ఒంటెద్దు ఇంట్లో ఉంటే ఎట్టా ఉంటదో నీకు తెలవదులే. అది రెండో గాటి వైపు చూస్తా అరిచేది.

మా అత్త కేకలేసే మనిషి కాదు. మెల్లగా మాట్లాడేది, అదే కష్టం. పొయ్యి ముందు కూర్చుని "మీ అయ్య మంద వల్లే ఇది" అంది. తెల్ల ఎరువు తెచ్చింది ఎవరు? ఆమె కొడుకు. పచ్చ అన్న మాట తప్పు విన్నది ఎవరు? ఆమె కొడుకు. అదేం లేదు, మా అయ్య మంద. "ఈ ఏడు ఆ గొర్రెలు మన గట్టు ఎక్కితే నేనే తోలి పంపిస్తా" అంది. మీ తాత ఎద్దుకి కుడితి పెట్టే నెపంతో బయటికి పోయాడు. నాతో తర్వాత "నువ్వే చెప్పరాదూ మీ అయ్యకి" అన్నాడు. ఆయన మీద నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ అట్టాగే ఉంది, చచ్చిపోయినాడు గాబట్టి ఊరుకున్నా.

అది కాదే, నా బాధ ఏందంటే. నా అయ్య నాకిచ్చింది అదొక్కటే. నలుగురిలో చెప్పి ఇచ్చింది. ఆయన మందని తోలుకుని ఆశగా వస్తే, మా అత్త గట్టు మీద నిలబడి నలుగురి ముందు పొమ్మంటే, ఆయన మళ్ళీ ఈ గడప తొక్కడు. నాకు పుట్టిల్లు అక్కడితో సరి. చెప్పకపోతే అది జరుగుద్ది. చెబితే, నువ్విచ్చిందే మమ్మల్ని ముంచిందని కూతురు నోటితో చెప్పాలి. ఎట్టా చెబుతావు?

వానలకు ముందు మంద గంటలు వినపడ్డయ్యి. నేను నీళ్ళకి పోతున్నట్టు బిందె తీసుకుని, ఊరి బయట, కోటప్పకొండ కనపడే మలుపు ఉంది చూడు, అక్కడిదాకా ఎదురు పోయా. నన్ను చూసి ఆయన మొహం ఇంత అయింది. "ఏందమ్మా, ఎదురొచ్చావు" అన్నాడు.

"అయ్యా, ఈ ఏడు మా చేలో మంద కట్టొద్దు."

"పొగాకు మానుకున్నారా?"

"మానలా. నీ మందకి ఆకు బలిసింది. బలిసిన ఆకు వాళ్ళకి పనికిరాదంట. ఎద్దుని అమ్మాం."

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి మంద వంక చూశాడు. గొర్రెలేమో అలవాటు గదా, మా చేను వైపే పోతా ఉన్నయ్యి. అప్పుడు అన్నాడు, "అయితే నేను నీకు ఏమీ ఇయ్యనట్టే గదమ్మా." కోపంగా అంటే బాగుండేది. లెక్క తేలినట్టు అన్నాడు. ఈల వేసి మందని మళ్ళించుకుని పోయాడు. నేను ఖాళీ బిందెతో ఇంటికొచ్చి పడి ఏడిచా. మా అత్త చూసి లోపలికి పోయింది.

ఆ ఏడు ఆయన మళ్ళీ రాలా. కబురు కూడా లేదు. పొగాకు మేము పైన మాకున్న ఇంకో చెక్కలో, గరువు నేలలో వేశాం, మంద లేదు, తెల్ల ఎరువు ఏదో చిటికెడు, మొదట్లోనే. నల్లరేగడిలో జొన్న వేశాం. పొగాకు చేను చూస్తే దిగులు పుట్టేది, పేలవంగా ఉండేది. మీ తాత రోజూ మంగమ్మ పిన్ని దగ్గరికి పోయి "పిన్నీ, ఇంత పాలిపోవచ్చా?" అని అడిగేవాడు. ఆమె "ఊరుకోరా, పాలిపోతేనే గదా పసుపు దిగేది" అని తిట్టేది. దిగింది మాత్రం పసుపు. మా అత్త ఆకు పట్టుకుని దీపం దగ్గర పెట్టి చూసింది. ఎద్దు మళ్ళీ వచ్చింది, ఎర్రది కాదు, బూడిద రంగు మైలది.

నేను చూసింది జొన్న. కూలోళ్ళు కోస్తా ఉంటే కంకి అందక కర్ర వంచుతున్నారు. పక్క చేలల్లో జొన్న నా నడుముకి లేదు. అప్పుడు తెల్సింది నాకు, మా అయ్య సత్తువ ఎక్కడికీ పోలా, నేలలోనే ఉంది, జొన్న తింది. జొన్న తిన్నాక మిగిలేది పొగాకుకి సరిపోద్ది. ముందు ఆకలి తీరాల్సిన పైరు వేరే ఉంది, అంతే.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి పోయా, ఆయన వచ్చుంటాడని. కొంగులో రెండు జొన్న కంకులు కట్టుకుని పోయా. ఆ జనంలో ఎట్టా కనపడతాడు? మందలోళ్ళు కంబళ్ళు పరుచుకుని కూర్చునే చోటు ఒకటుంది, అక్కడ వెతికితే దొరికాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను పక్కన కూర్చుని కంకులు ఆయన ఒళ్ళో పెట్టా.

"ఏంది ఇవి?"

"నీ మంద. ఈ ఏడు గరువు చెక్కలో కట్టు, జొన్న వేస్తాం. పొగాకు జొన్న తిన్న చేలో వేస్తాం. ఏడాది విడిచి ఏడాది."

ఆయన కంకి నలిపి గింజలు చేతిలో పోసుకుని, ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు. "మీ అత్త ఒప్పుకుందా?" అన్నాడు. "ఒప్పుకుంటది" అన్నా. అప్పటికి నేను ఆమెని అడగనే లేదు. ఇంటికొచ్చి అడిగా. ఆమె ముక్కు చీది, "గరువు చెక్క గాలి వాటంగా లేదులే, కంపు ఇంట్లోకి రాదు" అంది. అదీ ఆమె ఒప్పుకోవటం.

మా అయ్య వచ్చాడు, మంద కట్టాడు. ఆ ఏడు నల్లరేగడిలో పొగాకు వేశాం. ఆకు మరీ చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు. బ్యారన్ తలుపు తీసే రోజు మా అయ్య ఊళ్ళోనే ఉన్నాడు, నేనే రమ్మన్నా. ఆయన ఎప్పుడూ లోపల చూళ్ళేదు. సాయిబు తలుపు తీశాడు. కర్రల వెంబడి పైదాకా పసుపు. గది అంతా పసుపు. మా అయ్య గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు, గుళ్ళోకి పోతున్నట్టు. ఒక ఆకు కింద పడితే ముట్టుకోలా, వంగి చూశాడు. చూసి నన్ను అడిగాడు, చిన్నగా, "ఇందులో నాది ఏమన్నా ఉందా అమ్మా?"

 నేను నోరు తెరిచేలోపల మా అత్త వెనక నుంచి అంది, "ఎందుకు లేదు అన్నయ్యా? పసుపు కనపడటంలా? కూతురికి పసుపు కుంకుమ ఇస్తానన్నావు, ఇచ్చావు." అని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోకుండా ఆయన పక్కనే నిలబడింది.

మా అయ్య మొహం అటు తిప్పుకుని తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. పొగాకు ఘాటు అన్నాడు. అంత పసుపు ఆకుకి ఘాటు ఎక్కడుంటదే.

ఆఁ, అంతే. ఆపేయ్ ఆ డబ్బా, ఇంకేం లేదు. మీ అన్నతో చెప్పు, యూరియా చల్లే ముందు పైరుని అడగమను, ఏ పచ్చ కావాలో. నన్ను కాదు, పైరుని. ఇట్టా రా. వంగు, నా చెయ్యి అందదు. పచ్చగా ఉండు తల్లీ. ఏ పచ్చ అని అడక్కు, అన్ని పచ్చలూ... ఆ కిటికీ తలుపు కాస్త దగ్గరికి వెయ్యి, గాలి వస్తా ఉంది.